వాకిలి కడగడానికి కావేరి నీళ్లెందుకు?

2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం వీధి వీధంతా ఎదురుచూసిన రోజులు మన వాళ్లెవరూ మరచిపోలేదు. అప్పుడే అక్కడి జలమండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. తాగే నీళ్లతో కార్లు కడగకూడదు, తోటలకు పెట్టకూడదు, కట్టడాలకు వాడకూడదు. మీరితే 5,000 రూపాయల జరిమానా. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై, రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా తెచ్చే ఏర్పాటు జరిగింది. అయినా 2025 ఫిబ్రవరిలో అదే ఆంక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

జరిమానా సంగతి అలా ఉంచి, ఏ పనికి ఏ నీళ్లు వాడాలన్నది మనం ఆలోచించాలి. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తిపోసి, శుద్ధి చేసి తెచ్చేవి. వాకిలికీ, మొక్కలకూ, బండికీ అంత మంచి నీళ్లు అక్కర్లేదు. ఆ పనులకు సరిపడా నీళ్లు మన ఇంట్లోనే, మన మిద్దె మీదే దొరుకుతాయి.

వాకిలి, మొక్కలు

మీ ఇంటి పైపు కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి చూడండి. నిమిషంలో నిండితే, పది నిమిషాలు పైపుతో వాకిలి కడిగినందుకు 150 లీటర్లు పోయినట్టే. ఊడ్చి, రెండు బకెట్లతో కల్లాపి చల్లితే 30 లీటర్లు చాలు. ముగ్గు అంతే చక్కగా పడుతుంది. ఆ రెండు బకెట్లూ బట్టలు ఆఖరుసారి జాడించిన నీళ్లు కావచ్చు, ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు కావచ్చు. ఆర్వో వదిలే నీళ్లలో ఉప్పులు ఎక్కువ కాబట్టి కుండీలకు రోజూ పోయకండి. మొక్కలకు బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మంచివి. మన పెద్దవాళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసినవి అవే కదా.

నీళ్లు ఎండ ఎక్కకముందో, పొద్దుగూకాకో పోయాలి. చెట్టు చుట్టూ పాదు చేసి ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. ట్యాంకు నిండి వీధిలోకి పొర్లకుండా ఫ్లోట్ వాల్వు పెట్టించుకోండి.

మిద్దె మీది లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మిద్దె 100 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,076 చదరపు అడుగులు అనుకుందాం. 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 2,000 లీటర్లు. ఐదో వంతు ఆవిరికీ, ఒలకడానికీ పోయినా 1,600 లీటర్లు చేతికొస్తాయి. ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడే బెంగళూరులో ఈ లెక్కన 77 వేల లీటర్ల పైమాటే. చెన్నైలో వాన ఇంకా ఎక్కువ, అక్కడ లక్ష దాటుతుంది.

మొదటి వాన నీళ్లలో దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి. వాటిని బయటికి వదిలేయాలి. తర్వాతి నీళ్లు పైపుకు జల్లెడ బిగించి డ్రమ్ములోకి పట్టాలి. డ్రమ్ముకు మూత తప్పనిసరి. లేకపోతే డెంగీ దోమలు పెరుగుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా యజమానికి చెప్పి ఇంతవరకు చేసుకోవచ్చు.

మిగిలినవి భూమిలోకి

డ్రమ్ము నిండాక పొర్లే నీళ్లు ఇంకుడు బావికి వెళ్లాలి. మూడు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు తవ్వి సిమెంటు ఒరలు దించిన బావిలో ఒకేసారి సుమారు 4,000 లీటర్లు పడతాయి. అవి మెల్లగా భూమిలోకి ఇంకుతాయి. బావి మురుగు గొయ్యికి దూరంగా ఉండాలి, పైన గట్టి మూత ఉండాలి. సబ్బు నీళ్లు, వీధి కాలువ నీళ్లు అందులోకి పోనివ్వకూడదు.

బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటి బావులు తరతరాలుగా తవ్వుతున్నవాళ్లు మన్ను వడ్డర్లు. మన వడ్డెరలే, వాళ్ల ఇళ్లలో మాట్లాడే యాసకు మూలం తెలుగే. బోర్లు వచ్చాక వాళ్ల పని తగ్గింది. ఇంకుడు బావులతో ఆ పనికి మళ్లీ గిరాకీ వచ్చింది. ఏ నేల ఎంత లోతులో నీళ్లు పీలుస్తుందో వాళ్లకు బాగా తెలుసు.

ఒక్క ఇల్లు చాలదు

భూమిలోని నీళ్లు పక్కింటి గోడ దగ్గర ఆగవు. ఒక ఇల్లు ఇంకించిన నీళ్లు పక్కింటి బోరుకూ పోతాయి. ఒక ఇల్లు ఎడాపెడా తోడితే నష్టం వీధంతటిదీ. అందుకే ఇది వీధిలో నలుగురూ కలిసి చేయాల్సిన పని.

దీనికి చెన్నై అనుభవమే సాక్ష్యం. తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. తర్వాత చాలా చోట్ల బావుల్లో నీటిమట్టం పెరిగింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఎన్నో ఇళ్లలో పైపులు పూడిపోయాయి, గుంటలు మట్టితో నిండాయి. 2019 వేసవిలో, మన కండలేరు నుంచి కృష్ణా నీళ్లు చేరే పూండితో సహా, నగరానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. వానలు తక్కువైన ఆ ఏడాది, పూడిపోయిన గుంటలు ఎవరికీ పనికి రాలేదు.

కాబట్టి కట్టించడంతో పని అయిపోదు, ఏటా శుభ్రం చేయాలి. బెంగళూరులో వేసవి వానలు మొదలవకముందే, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు మిద్దె, జల్లెడ, బావి కూడా చూసుకోండి. అసలు వానలు అక్టోబరులో మొదలయ్యే చెన్నైలో దసరా శుభ్రంతో పాటు ఈ పని పెట్టుకోవచ్చు. బరంపురం, యానాం వైపు జూన్ వానలకు ముందే కానివ్వండి. ఈ ఏడాది మీ వీధిలో కనీసం రెండు మూడు ఇళ్లయినా కలిసి మొదలుపెడితే, మిగతావాళ్లకు చూపించడానికి ఒక ఉదాహరణ ఉంటుంది.