థర్మోస్టాట్ పీకేయకండి, మార్చండి: పాత కారు ఓవర్ హీట్ కథ

నాన్నగారి పాత మారుతి 800 ఇప్పుడు మీ చేతికొచ్చిందా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే. ఇలాంటి కారు వేడెక్కుతోందని షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు బాబూ, తీసేద్దాం." నేనైతే వద్దంటాను. ఎందుకో చెప్తా.

థర్మోస్టాట్ అంటే ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు. లోపల మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి వ్యాకోచిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లారితే స్ప్రింగ్ మూసేస్తుంది. దాని మీద 82 అనో 88 అనో నంబర్ ఉంటుంది. ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందో ఆ నంబర్ చెప్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. మే నెల ట్రాఫిక్‌లో మంచి థర్మోస్టాట్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. దాన్ని తీసేస్తే అదనంగా వచ్చే చల్లదనం దాదాపు ఏమీ లేదు. నష్టం మాత్రం ఉంది. పొద్దున్నే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. పైగా రేడియేటర్ పూడుకుపోయిందా, ఫ్యాన్ తిరగట్లేదా అన్న అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

మరి థర్మోస్టాటే పోయిందని ఎలా తెలుస్తుంది? చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా చెయ్యి పెట్టి పై హోస్ తాకి చూడండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే బాగున్నట్టే. మొదటి నుంచీ మెల్లగా వెచ్చబడుతుంటే తలుపు తెరుచుకునే ఉండిపోయింది, లేదా ఎవరో ముందే పీకేశారు. మీటర్ ముల్లు పైకెళ్తున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుపోయి ఉండొచ్చు. వెంటనే ఇంజన్ ఆపేయండి. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంగిపోతుంది. చవకగా అయిపోయే పని కాస్తా ఇంజన్ విప్పేదాకా వెళ్తుంది.

ఇక మార్చడం. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. రేడియేటర్ మూత కుక్కర్ మూతలాంటిది, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కింద ట్రే పెట్టి కూలెంట్ కొంత దించండి. పై హోస్ ఇంజన్‌ని కలిసే చోట రెండు బోల్టులతో ఒక మూత ఉంటుంది. పాత బోల్టులు పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, మర్నాడు పానాతో నిదానంగా విప్పండి.

పాత గ్యాస్కెట్ ముక్కలు గీతలు పడకుండా గీకేయండి. కొత్త థర్మోస్టాట్‌ని బిగించే ముందు వంటకి వాడని గిన్నెలో నీళ్లు మరిగించి, దారంతో వేలాడదీసి చూడండి. తెరుచుకోవాలి, బయటికి తీసి చల్లారాక మూసుకోవాలి. పెట్టేటప్పుడు స్ప్రింగ్ వైపు ఇంజన్‌లోకి ఉండాలి. తిరగేసి పెడితే బండి మళ్లీ వేడెక్కుతుంది. అంచు మీద చిన్న గాలి రంధ్రం ఉంటే అది పైకి రావాలి. కొత్త గ్యాస్కెట్ వేసి, రెండు బోల్టుల్నీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.

బోరు నీళ్లు పోయొద్దు, లోపల పాచిలా ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. మూత తీసే ఉంచి ఇంజన్ నడపండి, బుడగలొచ్చి మట్టం దిగుతుంది, మళ్లీ నింపండి. పై హోస్ వేడెక్కి, ఫ్యాన్ తిరిగి ఆగేదాకా చూడండి. చల్లారాక ఇంకోసారి మట్టం చూసుకోండి.

చివరగా ఒక్క మాట. దించిన కూలెంట్‌ని ట్రేలో వదిలేయకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్క తాగితే చచ్చిపోతుంది, చిన్నపిల్లలకీ ప్రమాదమే. డబ్బాలో పోసి, మూత బిగించి షెడ్డులో ఇచ్చేయండి.

మీ బండిలో అసలు థర్మోస్టాట్ ఉందో లేదో రేపు పొద్దున్నే హోస్ పట్టుకుని చూసి కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.