జపాన్‌లో గీసిన రామాయణం

మొన్న శుక్రవారం అల్ ఖువైర్‌లో మా ఇంట్లో 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' చూస్తుంటే, టైటిల్స్‌లో పేర్లు చదివి మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, రాముడు జపాన్‌వాడా?" ఆ ప్రశ్నకు జవాబే ఈ నాలుగు మాటలు.

యుగో సాకో జపాన్ డాక్యుమెంటరీ దర్శకుడు. 1983లో మన పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్వకాలపై చిత్రం తీస్తూ రామకథ మీద మనసు పడ్డారు. జపనీస్‌లో దొరికిన రామాయణాలన్నీ తెచ్చుకుని చదివారు. రాముడు దేవుడు కాబట్టి నటుడికన్నా బొమ్మే ఆయన్ను బాగా చూపగలదని సాకో నమ్మకం. విదేశీయుడు రాముణ్ణి కార్టూన్ చేయడమేమిటని మన దేశంలో అభ్యంతరాలొచ్చాయి. ప్రభుత్వం కలిసిరాలేదు. చివరికి జపాన్‌లోనే తీశారు. మన యానిమేటర్ రామ్ మోహన్, జపాన్ దర్శకుడు కోయిచి ససాకి ఆయనతో కలిసి పనిచేశారు.

కంప్యూటర్ బొమ్మలు కావవి. పారదర్శకమైన షీటు మీద గీత గీసి, వెనకవైపు రంగు వేసి, ఒక్కొక్కటిగా ఫొటో తీయాలి. సెకనుకు 24 ఫ్రేములు. 135 నిమిషాలకు లెక్కేస్తే 1,94,400! ఒకే బొమ్మను రెండు మూడు ఫ్రేములు నిలిపినా, దాదాపు లక్ష షీట్లు గీయాల్సి వచ్చింది.

సినిమా 1992లో పూర్తయింది. సాకో 2012లో కన్నుమూశారు. తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది మాత్రం 2025 జనవరి 24న.

రాముడు మనవాడేనని మావాడికి చెప్పాను. కానీ ఆ కథ కోసం తొమ్మిదేళ్లు కష్టపడింది జపాన్ ఆయన. పిల్లలకు సినిమా చూపించండి. అందులో లేని కథ మాత్రం మనమే చెప్పాలి.