వోల్టు, ఆంపియరు, ఓము: ఇంటింటికీ ఒక లెక్క

బస్తర్ ప్రాంతంలోని బైలదిల్లా కొండలకు ఎద్దు మూపురాన్ని పోలిన ఆకృతి వల్లనే ఆ పేరు వచ్చినది. ఎన్.ఎం.డి.సి. అక్కడ 1968లో కిరండూల్ వద్ద 14వ నిక్షేపాన్ని, 1977లో బచేలి వద్ద 5వ నిక్షేపాన్ని ప్రారంభించిన సంగతి పాఠకులకు విదితమే. ఆ ఖనిజాన్ని కొత్తవలస మీదుగా విశాఖపట్నానికి చేర్చే రైలు మార్గంపై తీగలో ఉండే వోల్టేజి 25,000 వోల్టులు. మన క్వార్టర్ల గోడ సాకెట్టులో ఉండేది 230 మాత్రమే. ఇంత వ్యత్యాసం ఎందుకో పిల్లలు అడిగితే, జవాబు వారి పదవ తరగతి పుస్తకంలోనే ఉన్నది.

వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం వస్తుంది. గుణిస్తే సామర్థ్యం వస్తుంది. మొదటి సూత్రాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించాడు. ఖనిజపు రైలును లాగే ఇంజను 4,500 కిలోవాట్లు తీసుకుంటున్నదనుకుందాం. పవర్ ఫ్యాక్టరును పక్కన పెడితే, 25,000 వోల్టుల వద్ద దానికి 180 ఆంపియర్లు చాలును. 230 వోల్టుల వద్దనైతే సుమారు 19,600 కావలెను. అనగా 109 రెట్లు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1841లో నిరూపించాడు. కనుక అదే తీగలో నష్టం దాదాపు 11,800 రెట్లవుతుంది. అంతటి వేడిని ఏ తీగ భరించగలదు?

ఇక ఇంటికి వద్దాము. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని నిరోధం సుమారు 26.4 ఓములు. వోల్టేజి 200కు పడిపోయిన రోజున అదే గీజరు 1,510 వాట్లే ఇస్తుంది. నీళ్ళు కాగడం ఆలస్యమైనదని గీజరును నిందించి ప్రయోజనం లేదు. (పాతకాలపు 100 వాట్ల బల్బుతో ఈ లెక్కను సరిచూడదలచిన వారికి ఒక హెచ్చరిక: వెలుగుతున్నపుడు దాని నిరోధం 529 ఓములు, ఆర్పి, చల్లారిన పిదప మల్టీమీటరుతో కొలిస్తే అందులో పదవ వంతు కూడా ఉండదు.)

మేము ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం వేరొకటి ఉన్నది. సాకెట్టులో ఒక స్క్రూ వదులై, ఆ అతుకు వద్ద అర ఓము నిరోధం ఏర్పడినదనుకుందాం. గీజరు 26.4 ఓముల ముందు అర ఓము ఎంత? ప్రవాహం 8.7 నుండి 8.5కు తగ్గుతుంది, అంతే. నీళ్ళు యథాప్రకారం కాగుతాయి. కాని ఆ అతుకు వద్ద 8.5 వర్గాన్ని అరతో గుణించి చూడండి: 36 వాట్లు! రేడియో మరమ్మతులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది. ఇక్కడ అంతకు మించిన వేడి, చిటికెన వ్రేలి గోరంత చోట, ప్లాస్టిక్కు నడుమ, ప్రతి ఉదయం పుడుతున్నది.

ఫ్యూజు కాపాడదా? కాపాడదు. ఫ్యూజుకైనా, ఎం.సి.బి.కైనా తెలిసినది ప్రవాహం మితిమీరడమొక్కటే. ఇచ్చట ప్రవాహం పెరగలేదు సరికదా, తగ్గినది. పెద్ద ఆంపియర్ల ఫ్యూజు వేసుకున్నామని నిశ్చింతగా ఉన్నవారికీ, చిన్నది వేసుకున్నవారికీ ఈ విషయంలో భేదం లేదు.

మీటరు లేకున్నా దీనిని కనిపెట్టవచ్చును. గీజరు గాని, ఇస్త్రీ పెట్టె గాని అరగంట పనిచేసిన తరువాత స్విచ్చి ఆపి, ప్లగ్గును బయటకు తీసి, దాని ప్లాస్టిక్ భాగాన్ని పొడి చేతితో తాకి చూడవలెను. పిన్నుల జోలికి పోరాదు; అవి కాలుతుండవచ్చును. ప్లాస్టిక్ గోరువెచ్చగా ఉంటే సరే. చేయి నిలపలేనంత వేడిగా ఉన్నా, సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా, ఆ సాకెట్టును వాడడం మానివేసి, నాడే ఎలక్ట్రీషియనును పిలిపించవలెను.