జంతికల గొట్టంలో బంగాళాదుంప

వేసవి సెలవుల్లో ఏం నేర్చుకున్నావని హాస్టల్లో అందరూ అడిగారు. ఒకడు పైథాన్ కోర్సు అన్నాడు, ఇంకొకడు కారు డ్రైవింగ్ అన్నాడు. నేను బంగాళాదుంప మెదపడం అన్నాను. రూమంతా నవ్వారు. "అందులో నేర్చుకోడానికి ఏముందిరా?" అన్నారు. చాలానే ఉంది. అది చెబుదామనే ఈ వ్యాసం.

మాది చాట్రాయి, నూజివీడు వైపు మామిడి తోటల ఊరు. మే నెలంటే మాకు కాయ కోతలు. అమ్మా నాన్నా తెల్లారకముందే తోటకి వెళ్ళిపోతారు. ఇంట్లో మిగిలేది నేనూ, నాయనమ్మా. ఆ నెలలోనే నాయనమ్మకి మిగిలిన పళ్ళు కూడా తీసేశారు. చిగుళ్ళు మానితేగానీ కట్టుడు పళ్ళు పెట్టరట. అప్పటిదాకా జావ, పెరుగన్నం, మళ్ళీ జావ. నాలుగో రోజుకి ఆవిడ గిన్నె పక్కకి నెట్టేసింది. మనిషి కూడా నీరసపడిపోయింది. "పోనీ ఏం తింటావు నాయనమ్మా?" అంటే "బంగాళాదుంప కూర" అంది.

నేను దుంపలు ఉడకబెట్టి, మెత్తగా ఉండాలి కదా అని మిక్సీలో వేసి అర నిమిషం తిప్పాను. మూత తీసి చూస్తే అది కూరలా లేదు. చెంచాతో ఎత్తితే తీగలా సాగుతోంది. పోపు పెట్టినా మారలేదు. నాయనమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అది అంగిలికి అంటుకుపోయింది. నీళ్ళు తాగి కష్టం మీద మింగి, "ఏంట్రా ఇది, సినిమా పోస్టర్లు అంటించే మైదా ఉడకేశావా?" అంది.

కోడ్‌లో తప్పొస్తే ఎందుకొచ్చిందో వెతుకుతాం కదా. దీనికీ అలాగే వెతికాను.

తప్పు దుంపదా, మిక్సీదా?

బంగాళాదుంపలో నూటికి దాదాపు 80 వంతులు నీళ్ళే. 15 నుంచి 18 వంతులు పిండి పదార్థం, అంటే స్టార్చ్. ఈ స్టార్చ్ చిన్న చిన్న రేణువులుగా దుంప కణాల లోపల ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే పదార్థం సిమెంటులా పట్టి ఉంచుతుంది.

దుంప ఉడికేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. సుమారు 60, 65 డిగ్రీల దగ్గర స్టార్చ్ రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి, కణం లోపలే జావలా అవుతాయి. వేడి ఇంకా పెరిగి బాగా ఉడికేసరికి పెక్టిన్ కరిగి, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఉడికిన దుంప వేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోయేది ఇందుకే.

మా ఊరి భాషలో చెప్తాను. గంప నిండా పండిన చిన్న రసాలు ఉన్నాయనుకోండి. గంపని మెల్లగా ఒంచితే పండుకి పండు విడిగా దొర్లుతుంది. చేతికి ఏమీ అంటదు. అదే గంపలో కత్తి పెట్టి గిరగిరా తిప్పితే? తోలు చిరిగి, రసం అంతా బయటికొచ్చి, గంపంతా బంక. మిక్సీ బ్లేడు చేసేది అదే. కణాలు తెగుతాయి, లోపలున్న స్టార్చ్ జావ బయటికొస్తుంది, అదంతా కలిసి జిగురవుతుంది. ఒకసారి జిగురయ్యాక పాలు పోసినా, నెయ్యి వేసినా వెనక్కి రాదు. దానికి అన్‌డూ బటన్ లేదు.

కాబట్టి మనకి కావాల్సింది కణాల్ని కొయ్యకుండా విడదీసే పనిముట్టు. మనింట్లో పప్పు గుత్తి కొంతవరకూ ఆ పని చేస్తుంది, కానీ ఎక్కడో ఒక గడ్డ మిగిలిపోతుంది. గడ్డలు పోవాలని ఇంకా ఇంకా మెదిపితే మళ్ళీ జిగురు మొదలు. పళ్ళు లేని మనిషికి గడ్డా ఇబ్బందే, జిగురూ ఇబ్బందే.

రైసర్ కథ

విదేశాల్లో దీనికి పొటాటో రైసర్ అని ఒక పనిముట్టు ఉంది. అడుగున చిల్లులున్న గిన్నె, పైన నొక్కే బిళ్ళ, రెండు పొడవాటి పిడులు. ఉడికిన దుంప వేసి పిడులు దగ్గరికి నొక్కితే, చిల్లుల్లోంచి సన్నగా అన్నం మెతుకుల్లా రాలుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. దుంప చిల్లు దాటేది ఒక్కసారే. బ్లేడు లేదు, తిప్పడం లేదు. గడ్డలు చిల్లు దగ్గరే నలిగిపోతాయి, ఎక్కువ కణాలు మాత్రం చెక్కుచెదరవు.

ఇందులో ఫిజిక్స్ మనం చదివిందే. పిడులు ఒక చివర మడత బందుతో కలిసి ఉంటాయి, నొక్కే బిళ్ళ మధ్యలో ఉంటుంది, మన చెయ్యి రెండో చివర. రెండో తరగతి లివర్. మన అడకత్తెర కూడా ఇదే. బందు నుంచి బిళ్ళ 6 సెంటీమీటర్లు, చెయ్యి 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బలం 4 రెట్లు. మీ చెయ్యి 10 కిలోల బలం పెడితే దుంప మీద 40 కిలోలు పడుతుంది. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి ఇప్పుడు దుంపకి.

ఇటలీ వాళ్ళు న్యోక్కి చేయడానికీ, నార్వే వాళ్ళు లెఫ్సా అనే దుంప రొట్టెలకీ దీన్నే వాడతారు. జర్మన్ల దగ్గర దీని బంధువు ఇంకొకటి ఉంది, ష్పెట్స్లె అనే మెత్తటి నూడుల్స్ నొక్కేది. 1969లో మన్‌హైమ్‌లో డారియో ఫోంటనెల్లా అనే ఆయన అందులో వెనిలా ఐస్‌క్రీమ్ వేసి నొక్కి, పైన స్ట్రాబెరీ సాస్ పోసి స్పాగెట్టీలా కనిపించే ఐస్‌క్రీమ్ తయారుచేశాడు. జర్మనీలో ఇప్పటికీ పిల్లలు అడిగి మరీ తింటారు. ఇక దుంప ముద్దతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఫ్రెంచ్ వంటవాడు జోయెల్ రోబుషోన్. ఆయన మిక్సీ వాడలేదు. చేత్తో తిప్పే చిల్లుల జల్లెడ మర వాడాడు. ఆయన రాసిన వంటకంలో కిలో దుంపలకి పావుకిలో వెన్న. మా నాయనమ్మకి చెప్తే "అంత వెన్నేస్తే ఏదైనా బానే ఉంటుంది" అంది.

అటక మీది రైసర్

ఆన్‌లైన్‌లో చూస్తే రైసర్ మా ఊరికి రావడానికి ఆరు రోజులు చూపించింది. నాయనమ్మకి చేతులతో అభినయించి చెప్పాను. కింద చిల్లులు, పైనుంచి నొక్కాలి అని. ఆవిడ నా వంక జాలిగా చూసి, "అటక మీద జంతికల గొట్టం ఉందిగా" అంది.

నిజమే! మీ ఇంట్లో మురుకుల గొట్టం అంటారేమో, చక్రాల గిద్దలు అంటారేమో. పని ఒకటే. తేడా ఏంటంటే పాత ఇత్తడి గొట్టానికి లివర్ ఉండదు, రెండు చేతులతో మన బరువే పెట్టి నొక్కాలి. బరువు చూసే మిషన్ మీద పెట్టి నొక్కితే నా బలం 20 కిలోలు చూపించింది. గొట్టం లోపలి వ్యాసం 6 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరుకి 0.7 కిలో. జంతికల పిండికి కొంచెం కష్టపడాలి గానీ, బాగా ఉడికిన దుంపకి ఇది చాలు. తిప్పే పిడి ఉన్న స్టీలు గొట్టమైతే మరీ సులువు.

మొదటిసారి చల్లారిన దుంపలు వేశాను. గొట్టం కదల్లేదు. నాయనమ్మ మంచం మీంచే "వేడి మీద నొక్కాలిరా" అని అరిచింది. తర్వాత చదివితే కారణం తెలిసింది. చల్లారేకొద్దీ స్టార్చ్ జావ గట్టిపడుతుంది. అప్పుడు బలవంతంగా నొక్కితే కణాలు చిట్లుతాయి. ఆవిడ ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చేసే పద్ధతి

ఇది అరకిలో దుంపలకి.

1. పాత దుంపలు తీసుకోండి. కొత్త దుంపల్లో స్టార్చ్ తక్కువ, తడి ఎక్కువ. షాపులో చెప్పలేకపోతే ఒక పరీక్ష ఉంది. రెండుముప్పావు గ్లాసుల నీళ్ళలో పావు గ్లాసు ఉప్పు కలిపి దుంప వెయ్యండి. మునిగితే స్టార్చ్ ఎక్కువున్నది, మనకి పనికొస్తుంది. తేలితే వేపుడికి ఉంచుకోండి.

2. చెక్కు తీసి, ఒకే సైజు ముక్కలు కోసి, చల్లటి ఉప్పునీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే బయట చితికిపోయి లోపల పచ్చిగా ఉంటుంది. కుక్కరే కావాలంటే దుంపలు కొయ్యకుండా తొక్కతో పెట్టండి, లేకపోతే నీళ్ళు పట్టేస్తాయి.

3. చాకు గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. నీళ్ళు వంచేసి, అదే గిన్నెని సన్న మంట మీద రెండు నిమిషాలు ఉంచండి. తడి ఆవిరైపోతుంది. ఈ ఒక్క మెట్టు చాలామంది వదిలేస్తారు. ముద్ద నీళ్ళగా వచ్చేది అందుకే.

4. గొట్టానికి లోపల కొంచెం నెయ్యి రాయండి. చాలా చిల్లులున్న బిళ్ళ పెట్టండి. చిల్లు సుమారు 3 మిల్లీమీటర్లుంటే మంచిది. సన్న కారప్పూస బిళ్ళ వద్దు, చెయ్యి నొప్పి, జిగురు రెండూ వస్తాయి. గొట్టం సగం వరకే నింపి, వేడిగా ఉండగానే నొక్కండి. ఇత్తడి కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి. నొక్కినదాన్ని మళ్ళీ నొక్కొద్దు.

5. ముందు రెండు చెంచాల నెయ్యి, ఆ తర్వాత వేడి పాలు కొంచెం కొంచెంగా, మొత్తం అర గ్లాసు దాకా. గరిటెతో పైపైన కలపండి. ఎక్కువ కలిపితే ఇంత కష్టమూ వృథా.

6. నాయనమ్మ లాంటి వాళ్ళకైతే పోపులో పప్పులు, ఆవాలు వద్దు. నేతిలో జీలకర్ర, ఇంగువ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, ఆ నెయ్యిని వడగట్టి కలిపాను. చివర్లో అల్లం రసం, నిమ్మరసం నాలుగు చుక్కలు.

ఒక జాగ్రత్త. పళ్ళు లేకపోవడం వేరు, మింగడమే కష్టం కావడం వేరు. తినేటప్పుడు పొలమారుతూ ఉంటే ఏది ఎంత మెత్తగా పెట్టాలో డాక్టర్‌నే అడగండి.

ఇంకేం చేయొచ్చు, ఏం చేయకూడదు

ఆలూ పరాటాకి ఇది బ్రహ్మాండం. పరాటా చిరిగేది ఎక్కువగా లోపలి గడ్డల దగ్గరే. గడ్డ లేకపోతే పల్చగా వత్తినా నిలబడుతుంది. బొండాలు, కట్లెట్లు కూడా అంతే. ఆలూ కారప్పూస చేసేటప్పుడు దుంపని ముందు పెద్ద చిల్లుల బిళ్ళలో నొక్కి, శనగపిండి కలిపి, అప్పుడు సన్న బిళ్ళలో నొక్కితే మధ్యలో చిల్లులు మూసుకుపోవు. ఉడికిన చిలగడదుంప వేస్తే పీచు చాలావరకు గొట్టంలోనే ఆగిపోతుంది. కోఫ్తాలకి తురిమిన సొరకాయలో నీళ్ళు పిండడానికి కూడా పనికొస్తుంది.

చేమదుంప వద్దు, దాని జిగురు దానిదే. పప్పు వద్దు, పక్కల నుంచి పైకి తన్నుతుంది. మా ఊరివాణ్ణి కాబట్టి మామిడిపండు కూడా వేసి చూశాను. పీచు చిల్లులకి అడ్డంపడి, రసం పైకి చిమ్మి, చొక్కా పోయింది. పైగా పులుపు ఇత్తడికి పడదు, చిలుమెక్కుతుంది. తాండ్రకి జల్లెడే మేలు.

మళ్ళీ నాయనమ్మ దగ్గరికి వస్తే, ఆ రోజు మధ్యాహ్నం అన్నంలో కలిపి పెట్టాను. మొదటి ముద్ద తిని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఉప్పు తక్కువైంది" అంది. ఉప్పు వేసి ఇస్తే గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అంది. తర్వాత రెండు నెలలు వారానికి మూడు రోజులు ఇదే. నేను కాలేజీకి వచ్చేశాక అమ్మ చేసింది.

మొన్న ఫోన్ చేస్తే కట్టుడు పళ్ళు వచ్చాయంది. అలవాటవుతున్నాయట. "ఇంక ఆ గొట్టానికి అసలు పని చెప్పాలి, దసరాకి వస్తావుగా, జంతికలు నువ్వే నొక్కాలి" అంది. సరే అన్నాను. పిండి వేడి మీద నొక్కాలా, చల్లారాక నొక్కాలా అని అడిగితే "వచ్చాక చెప్తాలే" అని పెట్టేసింది.