మూత్రపరీక్ష నివేదికలో ప్రోటీన్: అంకెలు, పరిభాష, అన్వయదోషాలు

వ్యాససంగ్రహం:
మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మూత్రపిండాల వ్యాధిని తొలిదశలో సూచించే సులభసాధనం. అయితే నివేదికలోని ఒక పదాన్నో అంకెనో విడిగా చదివితే లేని వ్యాధి ఉన్నట్టు, ఉన్న వ్యాధి లేనట్టు పొరబడే ప్రమాదం ఉంది. ఆ అన్వయదోషాలను, వాటిలో పరిభాష పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రోటీన్, ఆల్బుమిన్, క్రియాటినిన్, మూత్రపరీక్ష, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:
ఆరోగ్యవంతుల మూత్రంలోనూ కొద్దిపాటి ప్రోటీన్ ఉంటుంది. రోజు మొత్తం మీద ప్రోటీన్ 150 మిల్లీగ్రాముల లోపు, అందులో ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉండటం సాధారణం. కనుక ‘ఉందా, లేదా’ అన్న ప్రశ్న చాలదు. ఎంత ఉంది, ఏ రకానిది, ఎంతకాలంగా ఉంది అని అడగాలి. నివేదికలోని ‘నెగెటివ్’, ‘ట్రేస్’, ‘1+’ అన్న గుర్తులు ఈ మూడింటిలో దేనికీ పూర్తి సమాధానం ఇవ్వవు.

2. పట్టీ చూపేది గాఢతనే:
మూత్రంలో ముంచి తీసే రసాయనపట్టీ రంగుమార్పు ద్వారా ప్రోటీన్ గాఢతను మాత్రమే అంచనా వేస్తుంది. ఒక వ్యక్తి ఉదయపు మూత్రంలో డెసిలీటరుకు ఆల్బుమిన్ 20, క్రియాటినిన్ 200 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. పట్టీ ‘ట్రేస్’ చూపుతుంది. అదే వ్యక్తి నీరు బాగా తాగిన తరువాత అవి 5, 50 మిల్లీగ్రాములకు తగ్గితే పట్టీ ‘నెగెటివ్’ చూపుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 100 మిల్లీగ్రాములే. 30 దాటిన ఈ నిష్పత్తి అసాధారణం. పట్టీ ఫలితం మారినా మూత్రపిండాల స్థితి మారలేదన్నమాట.

3. ప్రోటీన్లన్నీ ఒకటి కావు:
పట్టీ ప్రధానంగా ఆల్బుమిన్‌కే స్పందిస్తుంది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌లో వెలువడే బెన్స్ జోన్స్ ప్రోటీన్‌ను అది గుర్తించకపోవచ్చు. మరోవైపు మూత్రం బాగా క్షారగుణం కలిగి ఉంటే ప్రోటీన్ లేకున్నా ఉన్నట్టు చూపవచ్చు.

4. నిష్పత్తికీ పరిమితులున్నాయి:
క్రియాటినిన్ కండరాల నుండి పుడుతుంది. కండరాలు క్షీణించిన వృద్ధులలో హారం తగ్గి నిష్పత్తి పెరిగినట్టు, దృఢకాయులలో తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రమాణాలనూ గమనించాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు, మిల్లీమోలుకు 3 మిల్లీగ్రాములు దాదాపు సమానం. ప్రమాణం చూడకుండా అంకెలను పోల్చితే తీవ్రత పదింతలు తారుమారవుతుంది.

5. కాలం కూడా ప్రమాణమే:
జ్వరం, కఠిన వ్యాయామం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, రుతుస్రావం వల్ల ఫలితం తాత్కాలికంగా పెరగవచ్చు. కొందరు యువకులలో నిలబడి తిరిగేటప్పుడు మాత్రమే ప్రోటీన్ వెలువడుతుంది. నిద్ర లేవగానే తీసిన నమూనాలో కనిపించదు. అందుకే మూడు నెలలకు మించి కొనసాగితేనే దానిని దీర్ఘకాలిక వ్యాధికి ఆధారంగా పరిగణిస్తారు.

6. పరిభాష కలిగించే భ్రమ:
పాఠ్యపుస్తకాల్లోని ‘మాంసకృత్తులు’ అన్న పదం, మూత్రంలోని ప్రోటీన్ తిన్న ఆహారం నుండి నేరుగా వచ్చిందన్న అపోహకు తావిస్తుంది. నిజానికి ఆల్బుమిన్ కాలేయంలో తయారై రక్తంలో ఉండే ప్రోటీన్. ‘మైక్రోఆల్బుమినూరియా’ను ‘సూక్ష్మ ఆల్బుమిన్’ అని అనువదిస్తే చిక్కు మరింత పెరుగుతుంది. ఇక్కడ అణువు చిన్నది కాదు. పట్టీకి సులభంగా అందని పరిమాణమని మాత్రమే అర్థం. ‘సూక్ష్మం’ అనగానే ఉపేక్షించదగినదని రోగి భావిస్తే, మధుమేహంలో చికిత్స ఎక్కువ ఫలించే దశ చేజారుతుంది. కిడ్నీ వ్యాధుల అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ కె.డి.ఐ.జి.ఓ. 2012లో ప్రయోగశాలలు ఈ పదాన్ని మానాలని సూచించింది. తెలుగులో ‘మధ్యస్థంగా పెరిగిన ఆల్బుమిన్’ అనడం సముచితం.

7. ‘నెగెటివ్’ అంటే ఆరోగ్యం కాదు:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న, కారణం స్పష్టంగా తేలని మూత్రపిండాల వ్యాధి ఇందుకు హెచ్చరిక. ఇటువంటి వ్యాధిలో ప్రధానంగా దెబ్బతినేవి మూత్రనాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. రక్తాన్ని వడపోసే కేశనాళికల గుచ్ఛాలకు తొలుత అంత హాని జరగదు కనుక ప్రోటీన్ స్వల్పంగానో, అసలు లేకుండానో ఉండవచ్చు. రక్తంలో క్రియాటినిన్‌ను, దాని ఆధారంగా వడపోత సామర్థ్యాన్ని కూడా చూడనిదే మూత్రపిండాలు బాగున్నాయని చెప్పలేం.

8. ముగింపు:
మూత్రంలో ప్రోటీన్ ఫలితాన్ని పద్ధతి, ప్రమాణం, నమూనా తీసిన సమయం, పునఃపరీక్ష, రక్తపరీక్షలతో కలిపి చదవాలి. తెలుగులో ఆరోగ్యసాహిత్యం రాసేవారు, వైద్యపరిభాషను రూపొందించేవారు మూలపదం అక్షరార్థాన్ని కాక పరీక్ష నిజంగా చెప్పే విషయాన్ని అందించాలి. ఇక్కడ అనువాదంలో జరిగే పొరపాటుకు మూల్యం చెల్లించేది రోగి.