గుడ్డు ధర పెరిగితే కోత ఎవరి కంచంలో?



కొట్టుకెళ్లి డజను గుడ్లడిగితే, కొట్టతను ధర చెప్పి మన మొహం చూస్తాడు. "డజనొద్దులే, అరడజనియ్యి" అంటాం మనం. ఇంతవరకూ అందరిళ్లలోనూ జరిగేదే. అయితే ఆ తగ్గిన అరడజనూ ఎవరి కంచంలో తగ్గిందన్నదే ఇవాళ చెప్పుకోవలసిన సంగతి.

ముందుగా ధర ఎందుకు పెరుగుతుందో చూద్దాం. కొట్టతన్ని ఆడిపోసుకుని లాభం లేదండీ. 1982లో ఏర్పడి, 'నెక్' అని అందరూ పిలిచే కోళ్ల రైతుల సంఘం వంద గుడ్లకింత అని ఊళ్లవారీగా రోజూ టోకు ధర ప్రకటిస్తుంది. ఆ ధర మేతను బట్టీ, కాలాన్ని బట్టీ మారుతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. అందులో సగానికి అటూఇటుగా మొక్కజొన్న, ఆ తర్వాత నూనె తీసిన సోయాపిండి. కోళ్లఫారం ఖర్చులో మూడింట రెండు వంతులు మేతకే పోతుంది. 2023 తర్వాత ఇథనాల్ తయారీకి కూడా మొక్కజొన్న బాగా వాడుతున్నారు. జొన్నకండెకు గిరాకీ పెరిగితే ఆ బరువు చివరికి గుడ్డు మీదే పడుతుంది.

ఇక కాలం మాటకొస్తే, కార్తీకమాసంలో మన ఇళ్లలో చాలామంది నీచు ముట్టరు. అప్పుడు గిరాకీ తగ్గుతుంది. అది దాటి చలి ముదిరేసరికి గోదావరి జిల్లాల నుంచి బెంగాల్, ఒడిశా, బీహార్, అస్సాం వైపు గుడ్ల లారీలు జోరుగా కదులుతాయి. ధర పైకి లేస్తుంది. పోనీ వెంటనే గుడ్లు పెంచుదామా అంటే, ఇవాళ పిల్లను తెచ్చి పెంచితే అది గుడ్డు పెట్టడానికి దాదాపు అయిదు నెలలు పడుతుంది. మండువేసవిలో కోళ్లు మేత సరిగా తినవు, గుడ్లూ తగ్గుతాయి, ఉన్నవీ చిన్నవవుతాయి.

ఇప్పుడు ఇంటి లెక్కకొద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజు విడిచి రోజు ఒక గుడ్డు అంటే నెలకు 60. గుడ్డుకు రూపాయి పెరిగితే నెలకు 60 రూపాయలు. తేలిక అననుగాని, సరిపెట్టుకోలేనంత బరువూ కాదు. కానీ మనం చేసేదేమిటి? ఆయనకొకటి, అబ్బాయికొకటి, ఎదిగే పిల్లకు సగం, మనకు పులుసు! "నాకంత ఇష్టం లేదులే" అని పైగా మనమే అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అందులో ఇనుము లోపం ఒక ముఖ్య కారణం. ఒక్క గుడ్డుతో అది తీరిపోదు, ఆకుకూరలూ పప్పూ కూడా కావాలి. అయినా రక్తానికి అవసరమైన బి12 విటమిన్ గుడ్డులో ఉంది. పప్పులో లేదు. కనుక కోత పెట్టవలసి వస్తే అందరికీ సమంగా పెట్టండి. వారానికి మూడు తినే ఇంట్లో అందరూ రెండేసి తినండి. ఒకరు నాలుగు తిని, ఒకరు పస్తుండడం పొదుపు కాదు.

ఆ తగ్గిన గుడ్డుకు బదులేమిటంటారా? గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పాతిక గ్రాముల వేరుశనగ గుళ్లలోనూ, అంతకు కాస్త ఎక్కువ కందిపప్పులోనూ, ఒక గ్లాసు పాలలోనూ దాదాపు అంతే ఉంటాయి. పాలూ పెరుగుల్లో బి12 కూడా కొంత దొరుకుతుంది. కాబట్టి గుడ్డు లేని రోజున వేరుశనగ పచ్చడీ, గట్టిపప్పూ, కాస్త పెరుగూ కంచంలో ఉండేట్టు చూసుకోండి.

వంటలోనూ ఉపాయాలున్నాయి. నాలుగు గుడ్లు ఉడకబెట్టి విడివిడిగా వడ్డించే బదులు, మూడు గుడ్లతో తోటకూరో, టమాటాలో వేసి పొరటు చేయండి. అట్టు వేసేటప్పుడు రెండు గుడ్లలో రెండు చెంచాల శనగపిండీ, ఉల్లిపాయ, పచ్చిమిర్చీ కలిపితే పెద్దదవుతుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. సొరకాయ ముక్కలో, ములక్కాడో వేసిన పులుసులో గుడ్లను సగానికి కోసి వేస్తే అందరికీ వస్తాయి.

కొనేటప్పుడు నాలుగిళ్లవాళ్లు కలిసి 30 గుడ్ల అట్టలు తెచ్చుకుంటే విడిగా కొన్నదానికంటే తరచు చవకగా పడుతుంది. ఎర్ర పెంకు చూసి నాటుగుడ్డనుకుని ఎక్కువిచ్చుకోకండి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, అందులో బలమేమీ అదనంగా ఉండదు. తెచ్చినవాటిని సన్నకొన కిందికి ఉండేట్టు చల్లని చోట పెట్టండి. కడిగి దాచకండి, వాడబోయే ముందు కడిగితే చాలు. అనుమానముంటే నీళ్లలో వేయండి. మునిగితే తాజాది, తేలితే పాతబడింది. పచ్చిగుడ్డు తాగిస్తే బలమన్న మాట నమ్మకండి. ఉడికినదే బాగా ఒంటబడుతుంది, రోగభయమూ ఉండదు.

చివరిగా ఒక మాట. కడుపుతో ఉన్నవాళ్లూ, బాలింతలూ అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డును అక్కడే తినండి. ఇంటికి తెస్తే అది మీ కంచం దాకా రాదు. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పథకం పెట్టినప్పుడు కేంద్రంలోనే భోజనం వడ్డించే ఏర్పాటు చేశారు. ఆ తల్లికి దక్కవలసింది ఆ తల్లే తినాలి కదా! ధరలు మన చేతిలో లేవు. వడ్డించే గరిటె మాత్రం మన చేతిలోనే ఉంది. ఈసారి వడ్డించేటప్పుడు మీ కంచం కూడా ముందే వేసుకోండి.