చెన్నపురి రైలు మార్గములు: రాబోవు విస్తరణము

చెన్నపురిలో 1895లో మొదలైన విద్యుత్తు ట్రాములు 1953లో నిలిచిపోయినవి. బీచి–తాంబరముల నడుమ 1931లో విద్యుద్రైళ్లును, చేపాకము వఱకు 1995లో మఱియొక మార్గమును, 2015లో మెట్రోరైలును ఆరంభమయ్యెను. మెట్రో తొలిదశయు, దాని పొడిగింపును కలసి సుమారు 54 కిలోమీటర్లు. 2024 అక్టోబరులో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన రెండవదశ 3 మార్గములలో 118.9 కిలోమీటర్లు.

వీనిలో మాధవరము–షోళింగనల్లూరు మార్గము విశేషముగా గమనింపదగినది. తక్కిన రెండును నగరమధ్యము మీదుగా పోవుచుండ, ఇది కోయంబేడు, పోరూరు, ఆలందూరుల మీదుగా పడమట వంపు తిరిగి సాగును. ఒక శివారునుండి వేఱొక శివారునకు పోవువాడు సెంట్రలు స్టేషను చేరనక్కఱలేదు.

ఈ పథకములలో తెలుగువారి జాడలును గలవు. 2021లో తెఱవబడిన ఉత్తరపు పొడిగింపునందలి ఒక స్టేషను పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరిటి కళాశాలను స్మరించును. రెండవదశలోని పానగల్లు పార్కు స్టేషను పానగల్లు రాజాగారిని తలపించును.

అయినను పేరుకంటె ప్రయోజనము ముఖ్యము. ఆంధ్రప్రదేశమందలి సూళ్లూరుపేటనుండి శివారురైళ్లు నిత్యము చెన్నపురికి వచ్చుచున్నవి. మెట్రో ఉత్తరపు కొస విమ్కోనగరు. ఆ రైలుమార్గమును దాని చెంతనే పోవుచున్నది. అచ్చట రెంటికిని పొందికగల వేళలు, ఎండవానలకు తడబడని నడకదారి ఏర్పడినచో, కూలికి, చదువునకు, వైద్యమునకు వచ్చువారి కాలమును ధనమును మిగులును.

కొత్త పట్టాలు పఱచుటకు ఏండ్లు పట్టును. ఉన్నవానిని కలుపుటకు అంత కాలము పట్టదు. విస్తరణమును ఊహించువారు మ్యాపుపై గీతల పొడవునే గాక, ఆ గీతలు కలియు చోట్లనుగూడ లెక్కింపవలయును.